సెయింట్ లూయిస్‌లో ఒక చదరంగం పూట

సెయింట్ లూయిస్ వెళ్తే మనవాళ్లం ఆర్చ్ ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఈసారి సెంట్రల్ వెస్ట్ ఎండ్‌లోని మేరీలాండ్ అవెన్యూకీ ఒక పూట ఉంచుకోండి. 20 అడుగుల చదరంగం రాజు వీధిలో నిలబడి పలకరిస్తాడు. ఆయన వెనక వరల్డ్ చెస్ హాల్ ఆఫ్ ఫేమ్, ఎదురుగా సెయింట్ లూయిస్ చెస్ క్లబ్. 2009 నుంచి అమెరికా జాతీయ చాంపియన్‌షిప్ నిర్వహిస్తున్నది ఈ క్లబ్బే. కొన్నేళ్లుగా అక్టోబరులో జరుగుతోంది.

మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. స్కూల్ చెస్ క్లబ్బులో మిగిలిన ఒక్కగానొక్క ఆడపిల్ల అది. "ఇంక మానేస్తానమ్మా" అంటోంది.

ఫోన్లు బయటే వదిలి లోపలికి వెళ్లాం. మహిళల పోటీ నడుస్తోంది. మొదటి 40 ఎత్తులకి ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఆ తర్వాత ఇంకో 30. ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలుస్తాయి. ఆట నాలుగైదు గంటలు సాగడం మామూలే.

ఒకమ్మాయి ఒక్క ఎత్తు కోసం ఇరవై నిమిషాలు ఆలోచించింది. మన ఇళ్లల్లో ఆడమనిషి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంటే "ఒంట్లో బాగాలేదా?" అంటారు. ఇక్కడ ఆ మౌనానికి అందరూ కాపలా కాస్తున్నారు! చివరికి ఏనుగులు, కొన్ని బంట్లే మిగిలాయి. ఒక బంటు తక్కువైనా ఆ అమ్మాయి ఓపిగ్గా లాగి డ్రా చేసుకుంది.

మన హంపి గుర్తొచ్చింది. 2017లో పాప పుట్టాక కొన్నాళ్లు ఆగి, 2019లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024లో మళ్లీ గెలిచింది. గుంటూరు హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భంతో ఆడింది, మన మహిళల జట్టు కాంస్యం తెచ్చుకుంది. ప్రతిభ ఒక్కటే చాలదు. తీరిగ్గా ఆలోచించుకోవడానికి ఆడదానికి టైము దొరకాలి, ఆ టైములో ఇల్లు చూసుకునే మనుషులూ ఉండాలి.

బయట బల్లల మీద చదరంగం గళ్లున్నాయి. మా అమ్మాయి పావులు పేర్చి, "అమ్మా, కూర్చో. తొందరేం లేదు, ఆలోచించుకుని ఆడు" అంది. పెళ్లయ్యాక నాతో ఆ మాటన్నవాళ్లు లేరు.

అది ఆట మానేస్తుందో లేదో ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు ఎత్తు దానిది.