అలారం రాని రోజు కూడా ఆలోచించండి

పినపాక వంటి అటవీ మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆయువుపట్టు ఏదని ఎవరైనా అడిగితే, టీకాలు భద్రపరిచే ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్‌నే నేను చూపుతాను. గోదావరి ఒడ్డు పల్లెల నుంచి, అడవిలోని కోయగూడేల నుంచి తల్లులు బిడ్డలను ఎత్తుకొని వచ్చేది ఆ పెట్టె మీది నమ్మకంతోనే. అందులోని ఉష్ణోగ్రత ఎల్లవేళలా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నా ఉద్యోగ కాలంలో దానికి కాపలా ఒక థర్మామీటరు, ఒక రిజిస్టరు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అంకె చూసి రాసేవాళ్ళం. రాత్రివేళ ఏం జరిగిందో ఆ రిజిస్టరు చెప్పలేకపోయేది.

ఈ లోటు తీర్చడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2015లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో, ఈ-విన్ అనే వ్యవస్థను ఆరంభించింది. ఫ్రిజ్‌లోని సెన్సర్ సిమ్ కార్డు ద్వారా ఉష్ణోగ్రతను సర్వరుకు పంపుతుంది. హద్దు దాటితే బాధ్యులకు ఎస్సెమ్మెస్, ఈమెయిలు వెళతాయి. ఇటువంటి చిన్న పరికరాలు నేడు క్లినిక్కులకు, మందుల దుకాణాలకు, ఇన్సులిన్ నిల్వ చేసుకునే ఇళ్ళకు కూడా అందుబాటులో ఉన్నాయి. వాటిని అమర్చుకునే పాఠకులకు కొన్ని మాటలు చెప్పదలిచాను.

మొదటిది వ్యవధి. 8 డిగ్రీలు దాటిన క్షణమే మెయిలు పంపమంటే, తలుపు తీసిన ప్రతిసారీ అది వస్తుంది. నాలుగు రోజుల్లో ‘నాన్నా పులి’ కథే అవుతుంది. టీకా ఫ్రిజ్‌లలో వాడే 30 రోజుల రికార్డర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రమాణం పెట్టింది: 8 డిగ్రీలకు పైన ఎడతెగక 10 గంటలు ఉంటే అలారం, మైనస్ 0.5 డిగ్రీలకు దిగితే 60 నిమిషాలకే అలారం. ఈ తేడాలో వైద్యశాస్త్రం ఉంది. వేడి టీకా శక్తిని క్రమంగా హరిస్తుంది. పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటి టీకాలను గడ్డకట్టించే చలి మాత్రం ఒక్కసారే, తిరిగిరాని విధంగా చెరుపుతుంది. ఇన్సులిన్ కూడా ఒకసారి గడ్డకడితే పారవేయవలసిందే. మండువేసవిని తలచుకొని పై హద్దు ఒక్కటే పెట్టి ఊరుకోకండి; కింది హద్దు కూడా పెట్టండి.

రెండవది చిరునామా. పెద్ద డాక్టరు తెల్లవారాక తెరిచే మెయిలుపెట్టెకు అర్ధరాత్రి వార్త పంపి ప్రయోజనం లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, ఎవరి ఇల్లు దగ్గరో వారికి మొదట వెళ్ళాలి. వారు అందకపోతే అందుకోవడానికి మరొకరి పేరు ఉండాలి. వీలైతే మెయిలుకు తోడు ఎస్సెమ్మెస్ పెట్టండి.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. గాలివానకు కరెంటు పోతే ఫ్రిజ్‌తో పాటు వైఫై రౌటరూ ఆగుతుంది. అలారం అత్యవసరమైన ఆ సమయంలోనే అలారం మూగబోతుంది. పరికరానికీ రౌటరుకూ బ్యాటరీ ఆధారం కల్పించండి. మెయిలు ఖాతా సంకేతపదం మార్చినా ఇదే ప్రమాదం. గూగుల్ సంస్థ 2022 మే 30 నుంచి సాధారణ ఖాతాలలో మామూలు సంకేతపదంతో ఇతర పరికరాలు ప్రవేశించడాన్ని నిలిపివేసింది. జీమెయిలు వాడేవారు యాప్ పాస్‌వర్డ్ ప్రత్యేకంగా తీసుకోవాలి. అందుచేత ప్రతి ఉదయం ‘అంతా సవ్యం’ అనే మెయిలు ఒకటి వచ్చేట్టు ఏర్పాటు చేసుకోండి. అది రాని ఉదయం స్వయంగా వెళ్ళి ఫ్రిజ్ చూడండి.

శక్తి కోల్పోయిన టీకా సంగతి చాలాసార్లు సీసాను చూస్తే తెలియదు. సూది వేసిన నర్సుకూ, వేయించిన తల్లికీ తెలియదు. కొన్నాళ్ళకు ఆ బిడ్డకు కోరింత దగ్గు వచ్చినప్పుడు తెలుస్తుంది. నెలకొకసారి అలారాన్ని పరీక్షించండి. మెయిలు వచ్చిందో లేదో, వస్తే చూసి లేచి వెళ్ళినదెవరో ఫ్రిజ్ పక్కనున్న రిజిస్టరులో రాసుకోండి.