లేచేదానికి పర్మిషన్

మా అమ్మ పెళ్లికి ముందు ఇక్కడే, కోయంబత్తూరులో, ఒక జౌళి అంగట్లో నాలుగేళ్లు పనిచేసింది. పొద్దున తొమ్మిదికి నిలబడితే రాత్రి అంగడి మూసేదాకా నిలబడడమే. బేరం లేకపోయినా కూర్చోకూడదు. ఇప్పటికీ ఆమె పిక్కల మీద నరాలు ఉబ్బి ఉంటాయి. అంగళ్లలో పనిచేసేవాళ్లు కూర్చునేదానికి వసతి ఉండాలని 2021లో తమిళనాడులో చట్టం సవరించినారు. పేపర్లో అది చదివి వినిపిస్తే, "నా కాళ్లు ముసలివైనాక వచ్చిందా!" అని నవ్వింది.

నా కథ దానికి తలకిందులు. నేను పనిచేసే పంపుల కంపెనీలో కుర్చీలకేం కొదవలేదు, లేచేదానికే పర్మిషన్ లేదు. నెలకొకసారి రివ్యూ మీటింగు. పదికి మొదలైతే రెండు దాటుతుంది. ఎండీ లేచేదాకా ఎవరూ బయటికి పోకూడదు, బల్లమీద నీళ్ల సీసా పెట్టకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆరేళ్లు నేనూ అడగలేదు.

లెక్కల సెక్షన్‌లో ఒక మామ ఉన్నారు. చుట్టం కాదు, ఆయన ఇంట్లోనూ తెలుగే కాబట్టి మామ అంటాను. అందరి ముందూ తమిళం, మా ఇద్దరి మధ్య ఇంటి మాట. ఆయనకి షుగర్. మీటింగు రోజు పొద్దున్నుంచి కాఫీ కాదుగదా, గుక్కెడు నీళ్లు కూడా తాగరు. మధ్యలో లేవాల్సి వస్తుందని భయం.

ఆ రోజు ఒంటిగంటప్పుడు బల్ల అంచు గట్టిగా పట్టుకొని, "తల తిరగతా ఉందమ్మా" అన్నారు మెల్లగా.

నేను లేచినాను. "సార్, పది నిమిషాలు బ్రేక్ కావాలి."

ఎండీ నన్ను చూడలేదు, గడియారం చూసినారు. "ఇంకా రెండు పాయింట్లే."

"ఇప్పుడే కావాలి సార్." మోకాళ్లు వణికినాయి, అబద్ధమెందుకు. మామ చెయ్యి పట్టుకొని బయటికి నడిపించినాను. వెనక్కి చూస్తే ఇంకా ఏడుగురు నీళ్ల క్యాను దగ్గర!

సోమవారం మెమో వచ్చింది. మీటింగుకి ఎందుకు ఆటంకం చేసినావని. రిటైరయ్యేదానికి రెండేళ్లే ఉందని, తన జబ్బు సంగతి రాయొద్దని మామ బతిమాలినారు. నాకే ఒంట్లో బాగాలేదని రాసిచ్చినాను. ఆ రూలే తప్పు అని రాసుండాల్సింది. అది ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

రూలు మారిందని ఎవరూ చెప్పలేదు. మరుసటి నెల మాత్రం పదకొండున్నరకి కాఫీ వచ్చింది, ఎండీ ఏదో ఫోనని బయటికి పోయినారు. మామ చక్కెర లేని కాఫీ అడిగి తీసుకున్నారు.