బస్తాలో దాగిన వాయువు

మాదాపూర్‌లో గాలి సంగతి ఎత్తితే అందరూ ముందు కార్లనే తిడతారు. సాయంత్రం ఏడింటికి సైబర్ టవర్స్ కూడలిలో ఇరుక్కుపోయినవాళ్లకు వేరే ఆలోచన వస్తుందా మరి! ఆ పొగ చెడ్డదే. కానీ రంగూ పొగా లేని వాయువు ఇంకొకటుంది. మన దేశంలో అది ఎక్కువగా వచ్చేది ఈ కూడలి నుంచి కాదు, మా ఊరి మక్కచేను లాంటి పొలాల నుంచి. పేరు నైట్రస్ ఆక్సైడ్. పళ్ల డాక్టర్లు కొందరు వాడే 'లాఫింగ్ గ్యాస్' ఇదే.

దాని జాతకం చూస్తే మాత్రం నవ్వు రాదు. నూరేళ్ల లెక్కన, ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. పైగా ఓజోన్ పొరనూ తింటుంది. 2024లో అంతర్జాతీయ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం, 2020లో మనుషుల పనుల వల్ల వెలువడిన దాంట్లో చైనాది మొదటి స్థానం, మనది రెండోది. మన వాటా దాదాపు 11 శాతం.

ఎందుకంటే, వేసిన యూరియా అంతా మొక్కకు అందదు. వరిలో మూడో వంతు అందితే గొప్ప. మిగిలిన నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు మార్చుకుంటాయి. నేల తడిసి ఆరుతూ ఉంటే అందులో కొంత ఈ వాయువై పైకి పోతుంది. నీళ్లు నిలిచిన వరిలో ఇది తక్కువే, కానీ అక్కడ మీథేన్ ఎక్కువ. మీథేన్ తగ్గుతుందని మడిని ఆరబెడితే ఇది పెరుగుతుంది. ఎటూ తెగని పంచాయితీ.

ఆఫీసులో ఓ మధ్యాహ్నం బస్తా లెక్క కట్టాను. 45 కిలోల యూరియాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అందులో సగటున నూటికి ఒక పాలు ఈ వాయువుగా మారుతుందనుకున్నా, వేడి లెక్కన అది దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్. నా కారులో 38 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు! ఆ బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఇక్కడ ఓ మంచి కాఫీకి అంతే అవుతుంది.

ఈ లెక్క బాపుకు చెప్పాలంటే నోరు రాలేదు. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా యూరియా కోసం తెల్లవారుజాము నుంచి చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి నిలబడ్డారు. అందులో ఆయనా ఒకడు. నాలుగు గంటలు నిలబడితే రెండు బస్తాలు దొరికాయి.

ప్రభుత్వం ఊరకే లేదు. 2015లో యూరియాకంతటికీ వేపపూత తప్పనిసరి చేసింది. నత్రజని మెల్లగా విడుదలయ్యేందుకు అది మంచి పనే. 2018లో 50 కిలోల బస్తాను 45కు కుదించింది, బస్తాల లెక్కన వేసే రైతు వాడకం దానంతటదే తగ్గుతుందని. "ఐదు కిలోలు తగ్గిందని మాకెర్క లేదా బిడ్డా? ఇంకో దోసెడు ఎక్కువ జల్లినం" అన్నాడు బాపు.

తప్పంతా ఊళ్లదే అంటే ఒప్పుకోను. ఆ పంటే మన పళ్లెంలోకి వస్తుంది. అందులోని నత్రజని మన మురుగులోకి పోతుంది. దుర్గం చెరువు గట్టున నడిచేవాళ్లకు ఆ మురుగు సంగతి కొత్త కాదు. మురుగు నీటిలోనూ ఇదే వాయువు పుడుతుంది. కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీ తీసుకుంటే అది ఫొటోలో పడదంతే.

చివరికి బాపుకు చెప్పాను. అర ఎకరం మక్కలో యూరియా ఒక బస్తా తగ్గించి, పశువుల ఎరువు వేసి చూడమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"తక్కువొస్తే పైసలు నువ్వే కట్టియ్యాలె" అన్నాడు.

సరేనన్నాను. ఎన్ని క్వింటాళ్లు తగ్గొచ్చో లెక్కేసి, ఆ డబ్బు విడిగా తీసిపెట్టాను.