పింగాణీ పళ్లెం

18వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు తమ వంశచిహ్నాలున్న పింగాణీ పళ్లాలకోసం చైనాకు నమూనాలు పంపేవారు. జింగ్‌డెజెన్‌లో కాల్చిన పాత్రలమీద కాంటన్‌లో రంగులు వేసేవారు. నమూనాలో రంగు పూయక, రంగు పేరు రాసి ఊరుకుంటే, ఆ భాష రాని చిత్రకారుడు ఆ అక్షరాలనే పళ్లెంమీదికి దించిన సందర్భాలున్నాయి!

ఇది చదివి పకపకా నవ్వాను. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

పదేళ్లనాడు నేను నోట్సు చెబుతూ "పేరా మార్చండి" అంటే, ఒక కుర్రవాడు ఆ మాటా రాసుకున్నాడు. పరీక్ష జవాబులోనూ అదే రాశాడు. క్లాసంతటికీ చదివి వినిపించి నవ్వించాను. మర్నాటినుంచి అతను చివరి బెంచీకి వెళ్లిపోయాడు. మళ్లీ నా క్లాసులో నోరు విప్పలేదు.

అతని దస్తూరీ ముత్యాలకోవ. నేను చెప్పిన ప్రతి మాటా పొల్లుపోకుండా దించాడు. తప్పు నమూనా పంపినవాడిది కాదూ?