చెవి కొస లేని పిల్లి

"ఎవడో దుర్మార్గుడు దాని చెవి కోసేశాడే అమ్మా!"
పార్కింగ్‌లో పక్కింటి పిన్నిగారి గోల.

కోసింది డాక్టరే పిన్నిగారూ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు, మత్తులో ఉండగానే చెవి కొస కాస్త తీసేస్తారు. ఇంకోసారి పట్టుకెళ్లి పొట్ట కోయకుండా అదే గుర్తు.

ఆవిడ నమ్మినట్టు లేదు.

ఆడపిల్లికి నాలుగైదు నెలలకే కడుపు రావచ్చు. ఆపై రెండు నెలలకి పిల్లల్ని పెట్టేస్తుంది. మనవాళ్లకి తెలిసిన మందు మాత్రం ఒకటే, గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేయడం! తిండి దొరికే చోటు ఖాళీ అయితే ఇంకోటి రాదూ?

(పాలు పోసే పుణ్యాత్ములూ, చాలా పిల్లులకి పాలు అరగవు. నీళ్లు పెట్టండి.)

మీ వీధిలో ఉన్నాయా ఇలాంటి చెవులు? బోను పెట్టి పట్టిందెవరు? చెప్పండి, మా వెనక సందులో ఆపరేషన్ కానివి ఇంకా రెండున్నాయి.