రెండు అర్థాలు

మొన్న మా మనవడు ఇంగ్లీషు పాఠం తెచ్చి, "తాతయ్యా, 'పాస్ ఆన్' అంటే ఏమిటి?" అన్నాడు.

"కబురో, పుస్తకమో, ఆస్తో ఫలానాదని చెబితే, దాన్ని మరొకరికి అందించడం. ఏదీ చెప్పకుండా 'ఆవిడ పాస్డ్ ఆన్' అంటే, కాలంచేసిందని మర్యాదగా చెప్పడం" అన్నాను.

వాడు వెళ్ళాక మా అమ్మ గుర్తొచ్చింది. మా బరంపురం 1936లో ఒరిస్సాలో చేరింది. వీధిలో ఒరియా వినబడినా, ఇంట్లో తెలుగు అమ్మ నోటినుంచే మాకు అందింది. ఆమెకు మంగళహారతులు ఎన్నో వచ్చు. నేను ఒక్కటీ రాసుకోలేదు. ఈలోగా రెండో అర్థం వచ్చిపడింది.

ఆ రాత్రి మనవణ్ణి కూర్చోబెట్టి, గుర్తున్న ఒక్క హారతీ పాడాను. వాడు ఒరియా అక్షరాల్లో రాసుకున్నాడు. రాసుకోనీ అనుకున్నాను. మన అక్షరాలు రేపటినుంచి దిద్దిస్తాను.