తొమ్మిది మందికి ఒకే పాస్‌వర్డ్

ప్రాక్సీ అనగానే మనలో చాలామందికి కాలేజీ అటెండెన్సే గుర్తొస్తుంది. బంక్ కొట్టినవాడి నంబర్ పిలవగానే వెనక బెంచీలోంచి ఇంకెవడో ‘ప్రెజెంట్ సార్’ అంటాడు. కంప్యూటర్ల ప్రాక్సీ కూడా దాదాపు అంతే. మన బదులు ఇంకో కంప్యూటర్ వెళ్లి అడుగుతుంది, వచ్చిన జవాబు మనకు తెచ్చిస్తుంది. అవతలి వెబ్‌సైట్‌కి కనిపించేది ఆ మధ్యలో ఉన్న కంప్యూటరే. దాని వెనక ఒకరున్నారో, తొమ్మిది మంది ఉన్నారో ఆ సైట్‌కి తెలీదు.

మా టీంలో సరిగ్గా తొమ్మిది మందిమి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా పని. ఎవరి ఊళ్లో వాళ్లం కూర్చుని చేస్తాం. నేను హైదరాబాద్‌లో, మిగతావాళ్లు ఖమ్మంలో, రాజమండ్రిలో, నంద్యాలలో. క్లయింట్ టెస్ట్ సైట్ అందరికీ తెరుచుకోదు. ముందే రాసిచ్చిన ఒక్క ఐపీ అడ్రస్ నుంచి వస్తేనే లోపలికి రానిస్తుంది. ఇళ్లలో నెట్‌కి ఐపీ మారిపోతూ ఉంటుంది. మొబైల్ డేటా అయితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే కంపెనీ వాళ్లు ముంబైలో ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని, దాని మీద స్క్విడ్ అనే ప్రాక్సీ పెట్టించారు. 1996 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మామూలుగా 3128 పోర్టులో పనిచేస్తుంది. అందరం దాని గుండా వెళ్తే క్లయింట్‌కి ఒకే అడ్రస్ కనిపిస్తుంది.

దాన్ని పెట్టినాయన ఉద్యోగం మారి వెళ్లిపోయారు. వెళ్తూ ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్ వదిలి వెళ్లారు. తొమ్మిది మందికీ అదే. నెట్‌వర్క్ గురించి నాకు కాస్త తెలుసని దాని బాధ్యత నా మీద పెట్టారు.

నంద్యాల అమ్మాయి మా టీంలో అందరికన్నా కొత్త. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉంది. రోజూ పొద్దున పది గంటలకు తన స్క్రీన్ మీద పాస్‌వర్డ్ బాక్స్ వచ్చేది. టైప్ చేస్తే మళ్లీ వచ్చేది. ‘అన్నా, కరెక్టుగానే కొడతాన్నా, మళ్లా అదే అడుగుతాంది’ అని మెసేజ్ పెట్టేది. మా టీం లీడ్ మాత్రం గ్రూపులోనే ‘ఎనిమిది మందికి పనిచేసే పాస్‌వర్డ్ నీకొక్కదానికే ఎందుకు పనిచేయదమ్మా?’ అని అడిగేశారు. ఎక్సెల్ షీట్‌లో తన పేరు పక్కన ‘లేట్ లాగిన్’ అని పదకొండు సార్లు పడింది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి అదెంత భారమో చెప్పనక్కర్లేదు.

ప్రాక్సీ సమస్య వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఒక్కటే: ‘కాదు’ అంటున్నది ఎవరు? మన లాప్‌టాప్, ప్రాక్సీ, అవతలి సైట్... ఈ మూడిట్లో ఎవరైనా కావచ్చు. ఎంతసేపు చూసినా ఏమీ రాక టైమ్ అవుట్ అయిందంటే చాలాసార్లు మనం ప్రాక్సీ దాకానే వెళ్లలేదన్నమాట. అడ్రస్ తప్పో, పోర్టు మూసుందో చూసుకోవాలి. 403 వస్తే ప్రాక్సీ అయినా ఆపి ఉండాలి, సైట్ అయినా ఆపి ఉండాలి. 407 వస్తే మాత్రం అనుమానమే లేదు, ఆ మాట ప్రాక్సీదే. ‘నువ్వెవరో ముందు నాకు చెప్పు’ అని దానర్థం.

సర్వర్‌లో లాగ్ తెరిచాను. ఎవరు ఏ ఐపీ నుంచి, ఎన్నింటికి, ఏ సైట్‌కి వెళ్లారో ఒక్కో లైన్‌గా ఉంటుంది. 407 ఒక్కసారి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ప్రాక్సీ అడగడం, బ్రౌజర్ పేరు చెప్పడం, ఆ తర్వాత 200 రావడం మామూలే. ఈ అమ్మాయికి మాత్రం 407 తర్వాత 407, మళ్లీ 407. 200 లేదు. అయితే మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అన్నీ 200లే! అదే పాస్‌వర్డ్, అదే లాప్‌టాప్. పొద్దున తప్పైన పాస్‌వర్డ్ భోజనాల వేళకి కరెక్ట్ అయిపోదు కదా.

అప్పుడు కాన్ఫిగ్ ఫైల్ మొదటి నుంచి చదివాను. మాక్స్ యూజర్ ఐపీ అని ఒక లైన్, దాని పక్కన 8. ఒకే యూజర్ నేమ్ ఎనిమిది ఐపీల నుంచి వస్తే సరే, తొమ్మిదో ఐపీ వస్తే రానివ్వొద్దని దాని అర్థం. పాస్‌వర్డ్ బయటివాళ్ల చేతిలో పడకుండా పాతాయన పెట్టిన జాగ్రత్త అది. అప్పటికి టీంలో ఉన్నది ఎనిమిది మందే. పాపను బడిలో దింపి వచ్చి పదింటికి కూర్చునే ఈ అమ్మాయి రోజూ తొమ్మిదో మనిషి అయ్యేది. అరగంట వాడని ఐపీని సర్వర్ మరిచిపోతుంది. అందుకే మిగతావాళ్లు భోజనానికి లేస్తే తనకి చోటు దొరికేది.

ఈ సంగతి లీడ్‌కి ఫోన్ చేసి చెప్పాను. ‘సరే, ఆ లాగ్ మొత్తం నాకు పంపు, ఎవరెవరు ఏం చేస్తున్నారో కూడా చూద్దాం’ అన్నారు.

ఇక్కడ నేను ఆగాను. మా వాళ్లు బ్రౌజర్ మొత్తానికీ ప్రాక్సీ పెట్టుకున్నారు. అంటే క్లయింట్ సైటే కాదు, అన్నీ అందులోంచే వెళ్తున్నాయి. హెచ్‌టీటీపీఎస్ సైట్లలో ఏ పేజీ చదివారో, ఏం టైప్ చేశారో లాగ్‌లో పడదు. సైట్ పేరు మాత్రం పడుతుంది. అదే చాలు. ఒకచోట ఉద్యోగాల సైట్, ఒకచోట మ్యాట్రిమొనీ, ఒకచోట ఆసుపత్రి పేరు. ఐపీని బట్టి ఎవరిదో పట్టుకోవడం కష్టమేం కాదు. నాకు తెలియాల్సినవి కావవి, ఆయనకూ అక్కర్లేదు. ‘క్లయింట్ సైట్ లైన్లు మాత్రం పంపుతాను సార్, సమస్య తేలడానికి అవి సరిపోతాయి’ అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత ‘సరే, అవే పంపు’ అన్నారు.

ఆ శనివారం మూడు పనులు చేశాను. ఒకటి, ఎవరి అకౌంట్ వాళ్లకి. ఎవరైనా మానేస్తే వాళ్లది తీసేస్తే చాలు, మిగతావాళ్లు పాస్‌వర్డ్ మార్చుకోనక్కర్లేదు. రెండు, అందరికీ ప్యాక్ ఫైల్ ఇచ్చాను. అదొక చిన్న స్క్రిప్ట్. క్లయింట్ సైట్ అయితే ప్రాక్సీ గుండా వెళ్లు, ఇంకేదైనా నేరుగా వెళ్లు అని బ్రౌజర్‌కి చెబుతుంది. మూడు, లాగ్ ఏడు రోజులకు మించి ఉండదు. ఈ మూడూ గ్రూపులో రాసి పెట్టాను.

మీ ఫోన్‌లో కూడా వైఫై సెట్టింగుల్లో ప్రాక్సీ అనే చోటు ఉంటుంది. ఎక్కడో దొరికిన ఉచిత ప్రాక్సీ అడ్రస్ తెచ్చి అందులో పెట్టేముందు, దాని లాగ్ ఎవరి చేతిలో ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

సోమవారం లీడ్ గ్రూపులో ఒక్క లైన్ రాశారు: ‘లాగిన్ సమస్య సర్వర్‌ది, తనది కాదు.’ షీట్‌లో ఆ పదకొండు రిమార్కులూ తీసేశారు. సాయంత్రం ఆ అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘మా ఇంట్లోవాళ్లు కూడా నాకే చేతకావట్లేదనుకున్నారన్నా. ఇప్పుడా లైన్ మా ఆయనకి చూపించినా.’

పోయిన నెల టీంలోకి పదో మనిషి వచ్చాడు. అకౌంట్ ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టింది.